పుల్ల పెరుగులో ఆయుష్షు వెతికిన నోబెల్ శాస్త్రవేత్త.. ఐబీఎస్ పేషెంట్లు మింగే ప్రోబయోటిక్ క్యాప్సూల్ వెనుక ఇంత కథ ఉందా!

కడుపులో నొప్పి, ఉబ్బరం. ఓ వారం విరేచనాలు, ఇంకో వారం మలబద్ధకం. రక్తపరీక్షలు నార్మల్, స్కానింగ్ నార్మల్, ఎండోస్కోపీ కూడా నార్మల్. చివరికి డాక్టర్ ఐబీఎస్ అని తేలుస్తారు. అంటే ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్. రాసిచ్చిన మందుల చీటీలో చాలాసార్లు ఓ ప్రోబయోటిక్ క్యాప్సూలో, సాచెట్టో కూడా ఉంటుంది. చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగినా ఇచ్చేస్తారు. బతికున్న బ్యాక్టీరియాని డబ్బులిచ్చి కొనుక్కుని మింగడమేంటి? అసలు ఈ ఆలోచన ఎవరికి వచ్చింది?

సమాధానం కోసం వందేళ్లకు పైగా వెనక్కి, పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాలి. గుబురు గడ్డం, చెదిరిన జుట్టుతో మైక్రోస్కోప్ ముందు కూర్చుని రోజూ పులిసిన పాలు తాగిన ఓ పెద్దమనిషి అక్కడ ఉండేవారు. పేరు ఇల్యా మెచ్నికోవ్. 1908లో వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. అయితే ఆ నోబెల్‌కీ పెరుగుకీ సంబంధం లేదు. పెరుగు సంగతి చివర్లో మొదలైంది. దానికంటే ముందు నడిచిన జీవితం సినిమా కథకి ఏమాత్రం తీసిపోదు.

రెండుసార్లు చావు అంచుదాకా..

మెచ్నికోవ్ పుట్టింది 1845 మేలో, ఖార్కివ్ దగ్గర్లోని ఓ పల్లెలో. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యం, ఇప్పుడు ఉక్రెయిన్. ఐదుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి సైనికాధికారి. తల్లి ఎమీలియాది యూదు మూలాలున్న కుటుంబం, ఆమె తండ్రి రచయిత. చిన్నప్పటి నుంచే మొక్కలు, పురుగులంటే పిచ్చి. ఖార్కివ్ యూనివర్సిటీలో నాలుగేళ్ల కోర్సుని రెండేళ్లలో ముగించేశారంటే ఆ తొందర ఎలాంటిదో ఊహించుకోవచ్చు. తర్వాత జర్మనీ, ఇటలీ తిరిగి సముద్ర జీవుల మీద పరిశోధనలు చేసి, పాతికేళ్లకే ఒడెసాలో ప్రొఫెసర్ అయ్యారు.

చదువులో అంత వేగంగా పరిగెత్తిన మనిషిని జీవితం మాత్రం గట్టిగా దెబ్బ కొట్టింది. 1869లో లుద్మిలాను పెళ్లి చేసుకున్నారు. అప్పటికే ఆమెకు క్షయ. నడిచే ఓపిక లేక, కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకెళ్లి పెళ్లి జరిపించారు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. భార్యను బతికించుకోవాలని వెచ్చటి వాతావరణం ఉన్న ఊళ్లు తిప్పారు. చివరికి 1873లో పోర్చుగల్ దీవి మదీరాలో ఆమె కన్నుమూశారు. అప్పటికే ఆయనకు కంటిచూపు దెబ్బతింది, గుండె దడ. ఆ దుఃఖంలో ప్రాణం తీసుకోవాలని చూసి, ఎలాగో బయటపడ్డారు.

రెండేళ్లకు ఓల్గాను రెండో పెళ్లి చేసుకున్నారు. 1880లో ఆమెకు టైఫాయిడ్ వచ్చి ప్రాణం మీదకు వచ్చింది. ఆమె కోలుకుంది కానీ ఆయన మనసు మళ్లీ కుంగిపోయింది. ఆ తర్వాత తిరగబెట్టే జ్వరంతో బాధపడుతున్న రోగి రక్తాన్ని తనకు తానే ఎక్కించుకున్నారు. చచ్చిపోతే పోతాను, ఈ జ్వరం రక్తం ద్వారా అంటుకుంటుందో లేదో కూడా తేలిపోతుంది అన్నది లెక్క. చావు కోరుకుంటూ కూడా దాన్నో ప్రయోగంగా మార్చిన మనిషి! తీవ్రంగా జబ్బుపడ్డారు, కానీ బతికారు. విచిత్రం ఏంటంటే, ఆ తర్వాత ఆయన బతుకంటే ఎంత ప్రేమ పెంచుకున్నారంటే, ముసలితనాన్నే జయించాలని బయల్దేరారు.

సర్కస్‌కు వెళ్లని సాయంత్రం

1881లో జార్ చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత రష్యా యూనివర్సిటీల్లో వాతావరణం పాడైంది. మెచ్నికోవ్ ఉద్యోగం వదిలేసి, కుటుంబంతో కలిసి ఇటలీలోని సిసిలీ దీవికి, మెస్సీనా ఊరికి వెళ్లిపోయారు. 1882 డిసెంబర్‌లో ఓ రోజు ఇంట్లోవాళ్లంతా కోతుల విన్యాసాలు చూడ్డానికి సర్కస్‌కు వెళ్లారు. ఆయన ఒక్కరే ఇంట్లో, మైక్రోస్కోప్‌తో. అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్ర చేప పిల్లల్ని చూస్తున్నారు. వాటి ఒంట్లో కొన్ని కణాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. బయటి నుంచి ఏదైనా గుచ్చుకుంటే ఈ కణాలు దాని మీదకు వెళతాయా అన్న ఆలోచన వచ్చింది. తోటలోంచి గులాబీ ముళ్లు తెచ్చి ఆ పిల్లల ఒంట్లోకి గుచ్చారు. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారి చూస్తే కణాలన్నీ ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి.

మనకు ముల్లు గుచ్చుకుంటే అక్కడ చీము పడుతుంది కదా, అదే ఇది. తెల్ల రక్తకణాలు వచ్చి, ఒంట్లో దూరిన క్రిములను మింగేస్తాయి. అలా మింగే కణాలకు ఫాగోసైట్లు అని పేరు పెట్టారు. ఈ రోజు రోగనిరోధక శక్తి గురించి మనం మాట్లాడే మాటల్లో సగానికి పునాది ఆ రాత్రే పడింది. అప్పట్లో మాత్రం జర్మన్ శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. రక్తంలోని రసాయనాలే క్రిములను చంపుతాయి తప్ప కణాలు కాదన్నది వాళ్ల వాదం. పాతికేళ్లు సాగిన ఆ గొడవకు నోబెల్ కమిటీ ముచ్చటైన తీర్పే ఇచ్చింది. మెచ్నికోవ్‌కూ, అవతలి వైపు నిలిచిన పాల్ ఎర్లిక్‌కూ 1908 బహుమతిని చెరిసగం పంచింది. ఇద్దరూ కరెక్టే అని తర్వాత తేలింది.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. ఒడెసాలో మెచ్నికోవ్ దగ్గర చదువుకున్న కుర్రాడు వాల్డెమార్ హాఫ్‌కిన్. గురువు వెంటే పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, కలరా టీకా తయారు చేశారు. 1893లో దాన్ని పట్టుకుని కలకత్తా వచ్చారు. తర్వాత బొంబాయిని ప్లేగు వణికిస్తుంటే అక్కడ ప్లేగు టీకా తయారు చేసి, 1897 జనవరిలో ముందు తానే వేయించుకున్నారు. ముంబైలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయన పేరు మీద ఉన్నదే. గురుశిష్యులిద్దరికీ ప్రయోగం తమ మీద చేసుకోవడం అలవాటే అన్నమాట.

కలరా క్రిములు తాగి చూశారు!

1888లో లూయీ పాశ్చర్ పిలిచి పారిస్‌లోని తన సంస్థలో ల్యాబ్ ఇచ్చారు. చనిపోయేదాకా మెచ్నికోవ్ అక్కడే ఉన్నారు. 1892లో ఫ్రాన్స్‌లో కలరా వచ్చింది. ఓ ఊళ్లో జనం కుప్పకూలిపోతుంటే పక్క ఊరికి ఏమీ కాదు, ఎందుకు? తేల్చుకోవడానికి ఆయన కలరా క్రిములున్న ద్రవాన్ని తాగేశారు. ఏమీ కాలేదు. సాయానికి ముందుకొచ్చిన వాళ్లూ తాగారు. వాళ్లలో ఒకరికి మాత్రం నిజంగానే కలరా వచ్చి, చావు దాకా వెళ్లి బతికారు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ కూడా ఇలాంటి ప్రయోగానికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

అదే క్రిమి, అదే ల్యాబ్. ఒకరికి ఏమీ కాలేదు, ఇంకొకరు మంచాన పడ్డారు. తేడా ఎక్కడుంది? గాజు పళ్లేల్లో కలరా క్రిమిని రకరకాల ఇతర సూక్ష్మజీవులతో కలిపి పెంచి చూశారు. కొన్ని దాన్ని ఎదగనిచ్చాయి, కొన్ని అడ్డుకున్నాయి. అంటే పేగుల్లో అప్పటికే కాపురం ఉంటున్న క్రిముల్ని బట్టి, కొత్తగా వచ్చిన క్రిమి నిలుస్తుందో లేదో తేలుతుందని ఆయనకు అనిపించింది. ఇప్పుడు గట్ మైక్రోబయోమ్ అంటూ ప్రపంచమంతా మాట్లాడుతున్న విషయానికి ఇదే తొలి మెట్లలో ఒకటి. నన్నడిగితే ఆయన పెరుగు సిద్ధాంతం కంటే ఈ గమనింపే గొప్పది. కానీ పేరు మాత్రం పెరుగుకే వచ్చింది.

ఆ పెరుగు కథ ఇలా మొదలైంది..

వయసు యాభై దాటాక ముసలితనం ఎందుకొస్తుందన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. ఆయన అంచనా ప్రకారం దోషి పెద్దపేగు. తిన్నది అక్కడ చేరి కుళ్లుతుంది, కుళ్లబెట్టే బ్యాక్టీరియా విషాలు వదులుతాయి, అవి రక్తంలో కలిసి ఒళ్లంతా పాడుచేస్తాయి. మరి కుళ్లును ఆపేదేంటి? మాంసం బయట పెడితే కుళ్లుతుంది, పాలు మాత్రం పులుస్తాయి. పులుపు కుళ్లుని రానివ్వదు. ఊరగాయలో పులుపు, ఉప్పు ఎందుకు పడతాయో మన ఇళ్లలో అందరికీ తెలిసిన లెక్కే. అదే లెక్క ఆయన పేగులకి వేశారు. పాలను పులియబెట్టే బ్యాక్టీరియాని తింటే, అవి పెద్దపేగులో చేరి కుళ్లబెట్టే వాటిని తరిమేస్తాయని.

దీనికి తోడు బల్గేరియాలో వందేళ్లు బతికిన వాళ్లు ఎక్కువని, వాళ్లు పుల్లటి పెరుగు బాగా తింటారని ఆయన దృష్టికి వచ్చింది. 1905లో స్టామెన్ గ్రిగోరోవ్ అనే బల్గేరియా యువకుడు జెనీవాలో ఆ పెరుగులోంచి ఓ బ్యాక్టీరియాను వేరుచేశారు. దానికి బల్గేరియా పేరే పెట్టారు. ఇవాళ యోగర్ట్ తయారీలో వాడే రెండు ముఖ్యమైన బ్యాక్టీరియాల్లో అదొకటి.

1904లో పారిస్‌లో ముసలితనం మీద మెచ్నికోవ్ ఓ ఉపన్యాసం ఇచ్చారు. అంతే, పేపర్లు ఎత్తుకున్నాయి. పెరుగు తింటే ముసలితనం రాదన్నట్టు రాసేశాయి. యూరప్‌లోనూ, అమెరికాలోనూ జనం పెరుగు కోసం ఎగబడ్డారు. పొడులు, బిళ్లలు మార్కెట్లోకి దిగాయి, వాటి మీద ప్రొఫెసర్ గారి పేరు. ఇది సంజీవని కాదు, నిరూపించాల్సింది ఇంకా ఉంది అని ఆయన విడిగా రాసినా వినేవారెవరు? (ఈ అలవాటు అప్పటి పేపర్లకే పరిమితం కాలేదని వేరే చెప్పక్కర్లేదు.)

ఆయన మాత్రం తను నమ్మింది పాటించారు. రోజూ పులిసిన పాలు తాగేవారు. పచ్చి కూరలు, పచ్చివి ఏవీ ముట్టేవారు కాదు. మద్యం లేదు.

పెద్దపేగునే కోసేశారు..

కథలో చేదు భాగం ఇదే. పెద్దపేగు మనిషికి అక్కర్లేని అవయవం, పాతకాలపు వారసత్వం అని మెచ్నికోవ్ రాశారు. ఆ మాటని లండన్‌లో పేరున్న సర్జన్ విలియం ఆర్బత్‌నాట్ లేన్ సీరియస్‌గా తీసుకున్నారు. దీర్ఘకాలిక మలబద్ధకంతో వచ్చిన వాళ్లకు పెద్దపేగునే తీసేసే ఆపరేషన్లు చేశారు. యాంటీబయోటిక్స్ లేని కాలం అది. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పేగు విషం సిద్ధాంతానికి సరైన ఆధారాలు లేవని తర్వాతి ఏళ్లలో తేలింది, ఆ ఆపరేషన్లు మూలన పడ్డాయి. ఆ రోజుల్లో ఐబీఎస్ అన్న పేరు వాడుకలో లేదు. కానీ ఆ రోగుల్లో కొందరు ఇవాళైతే ఐబీఎస్ వార్డులో కనిపించేవారేనని అనుకోవచ్చు. కత్తి పెట్టాల్సిన జబ్బు కాదది.

పెద్దపేగు దండగ కాదని ఇప్పుడు తెలుసు. మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి, బ్యూటిరేట్ లాంటి కొవ్వు ఆమ్లాలు తయారు చేస్తాయి. పేగు లోపలి పొరలోని కణాలకు అదే ప్రధాన తిండి. 2016లో వచ్చిన ఓ అంచనా ప్రకారం 70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి, ఎక్కువ భాగం పెద్దపేగులోనే. మనిషి సొంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు. మెచ్నికోవ్ శత్రువుల కోట అనుకున్న చోటు నిజానికి ఓ పెద్ద ఊరు. అందులో మంచీ చెడూ కలిసే ఉంటాయి.

ఆయన నమ్ముకున్న బల్గేరియా బ్యాక్టీరియా కూడా మాట నిలబెట్టుకోలేదు. 1920ల నాటికి అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చిందేంటంటే, అది మన పేగుల్లో స్థిరపడదు. వచ్చిన దారినే పోతుంది. నిజంగా పేగుల్లో ఉండే బ్యాక్టీరియాను మెచ్నికోవ్ పనిచేసిన సంస్థలోనే హెన్రీ టిస్సియే అనే పిల్లల డాక్టర్ 1899లోనే గుర్తించారు. తల్లిపాలు తాగే పసిపిల్లల విరేచనంలో అవి దొరికాయి. ఇవాళ బిఫిడోబ్యాక్టీరియా అంటున్నవి అవే. ప్రోబయోటిక్ సాచెట్ వెనుక అట్ట మీద చూడండి, చాలా వాటిలో ఆ పేరు కనిపిస్తుంది.

మరి ఐబీఎస్‌కి ఇవి పనిచేస్తాయా?

ఈ ప్రశ్నకు సూటి జవాబు కోరుకునేవాళ్లకు కాస్త నిరాశే. కడుపులో నొప్పి మూడు నెలలుగా సగటున వారానికి ఒక రోజైనా వస్తూ, అది విరేచనంతోనో, విరేచనం తీరు మారడంతోనో ముడిపడి ఉంటే ఐబీఎస్‌గా చూస్తారు. లక్షణాలు ఆరు నెలల కిందటే మొదలై ఉండాలి. పేగుల నరాలు అతిగా స్పందించడం, మెదడుకీ పేగుకీ మధ్య సంకేతాలు తేడా కొట్టడం, ఒత్తిడి.. ఇలా కారణాలు చాలా. వాంతులు, విరేచనాలతో ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గాక సుమారు పది మందిలో ఒకరికి ఐబీఎస్ మొదలవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. పేగులో క్రిముల లెక్క తప్పితే కడుపు మాట వినదు అన్న మెచ్నికోవ్ ఊహకి ఇది దగ్గరగానే ఉంది.

అయితే ఫలానా బ్యాక్టీరియా తగ్గితే ఐబీఎస్, పెరిగితే నయం అని చెప్పే లెక్క ఇంతవరకూ దొరకలేదు. అందుకే స్టూల్ శాంపిల్ పంపితే మైక్రోబయోమ్ రిపోర్ట్ ఇస్తామనే ప్యాకేజీలతో ఐబీఎస్ నిర్ధారణ కాదు. ప్రోబయోటిక్స్ మీద ట్రయల్స్ చాలా జరిగాయి. కానీ ఒక్కోదాంట్లో ఒక్కో రకం బ్యాక్టీరియా, ఒక్కో మోతాదు. వాటిని కలిపి చూసిన నిపుణుల సంఘాలూ ఒక్క మాట మీద లేవు. అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం ఒకటి 2020లో, ఐబీఎస్‌కి వీటిని ట్రయల్స్‌లో తప్ప వాడొద్దని సూచించింది. 2021లో బ్రిటన్ సంఘం కాస్త మెత్తగా చెప్పింది. కావాలంటే 12 వారాల దాకా వాడి చూడొచ్చు, తేడా కనిపించకపోతే ఆపేయండి అంది. ఫలానా బ్రాండే వాడమని అదీ చెప్పలేదు. ఏళ్ల తరబడి నెలనెలా కొంటున్నవాళ్లు ఈ 12 వారాల సంగతి డాక్టర్‌తో ఒకసారి మాట్లాడుకోవడం మంచిది.

మన పెరుగు మాటేమిటి అంటారా? తోడు వేసిన ఇంటి పెరుగులో బతికున్న బ్యాక్టీరియా పుష్కలంగా ఉంటాయి. కానీ ఏ ఇంటి తోడులో ఏవున్నాయో, ఎన్నున్నాయో లెక్క లేదు. అందుకే శాస్త్రం పెట్టిన నిర్వచనంలో అది ప్రోబయోటిక్ కిందకు రాదు. అలాగని తినొద్దని కాదు. పాలు పడని చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. పాలలోని లాక్టోజ్ కొంత పులవడంలోనే ఖర్చయిపోతుంది. ఐబీఎస్ ఉన్నవాళ్లలో పెరుగు పడేవాళ్లూ ఉంటారు, పడనివాళ్లూ ఉంటారు. ఎవరి కడుపు సంగతి వాళ్లకే తెలియాలి. విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, నడివయసు దాటాక కొత్తగా మొదలైన లక్షణాలు ఉంటే మాత్రం పెరుగుతోనో, సాచెట్లతోనో సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టర్‌ని కలవాలి. అది ఐబీఎస్ కాకపోవచ్చు.

ఆఖరి కోరిక కూడా పేగుల గురించే..

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి మెచ్నికోవ్‌కి 69 ఏళ్లు. ల్యాబ్‌లోని కుర్రాళ్లు యుద్ధానికి వెళ్లిపోయారు, పరిశోధనలు దాదాపు ఆగిపోయాయి. గుండె జబ్బు ముదిరింది. 1916లో ఆయన్ని పాశ్చర్ ఒకప్పుడు నివసించిన గదుల్లోకే మార్చారు. ఓల్గా పక్కనే ఉంది. నూరేళ్లు దాటి బతకొచ్చని ప్రపంచానికి చెప్పిన మనిషి 71 ఏళ్లకే పోతున్నారని ఎగతాళి చేస్తారని ఆయనకు తెలుసు. దానికీ ఆయన దగ్గర లెక్క ఉంది. పులిసిన పాలు తాను యాభై దాటాకే మొదలుపెట్టానని, అప్పటికే ఆలస్యమైందని.

1916 జూలై 15న, ప్రాణం పోయే ముందు, శిష్యుడైన డాక్టర్ సాలింబెనీని దగ్గరకు పిలిచారు. తన శవపరీక్ష ఆయనే చేయాలని మాట తీసుకున్నారు. పేగుల్ని మాత్రం జాగ్రత్తగా చూడమని, అక్కడేదో ఉన్నట్టుందని చెప్పారు. కాసేపటికే కన్నుమూశారు. గుండె ఆగింది. అస్థికలున్న పాత్రను పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో, పుస్తకాల మధ్య పెట్టారు.